వెల్లకిలా పడుకున్న వార్డు

ఆవిడకు ఆఫీసులో వంతులమ్మ అని పేరు. పెట్టినవాళ్ళు వెక్కిరింతకే పెట్టారు గాని, చేసే పనికి అది అతికినట్టు సరిపోయింది. ఆవిడ పని వంతులు వేయడం. మనుషులకు కాదు, తీగల్లేని యంత్రాలకు. ఒక గదిలో పదిమంది ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. గాలిలో కబుర్లు పంపుకునే యంత్రాలదీ అదే గొడవ. ఉన్న గాలి ఒక్కటే, మాట్లాడాలని ఆత్రపడేవి వందలు. పైగా అవి ఒకచోట కుదురుగా ఉండవు. జేబుల్లో, చేతుల్లో, సంచుల్లో ఊరంతా తిరుగుతుంటాయి. ఎవరు ఎప్పుడు నోరు తెరవాలి, ఇద్దరు ఒకేసారి తెరిస్తే ఎవరు తగ్గాలి, తగ్గినవాళ్ళు ఎంతసేపు ఆగాలి, ఈ నియమాలు రాయడమే ఆవిడ ఉద్యోగం. చదువు అయిపోయిన దగ్గర్నుంచి ఇదే చేస్తోంది. ఇంట్లో స్నానాల గది దగ్గర మాత్రం తన వంతు ఎప్పుడూ ఆఖరిదేనని తనే నవ్వుతూ చెప్పుకునేది.

మనిషి నెమ్మది. గట్టిగా మాట్లాడదు, ఎవరి మాటకూ అడ్డు రాదు. అందుకు కారణం వాళ్ళ అక్క. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే పెంచింది. అక్క సిటీ బస్సులో కండక్టరు. ఆ గొంతు ముందు ఇంట్లో ఇంకో గొంతు లేవడానికి చోటుండేది కాదు. బస్సులో ఊపిరాడని జనం ఉన్నా "జరగండి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అని ఆవిడ అరిస్తే జనం జరిగేవాళ్ళు, విచిత్రంగా ఖాళీ కూడా పుట్టేది. ఉద్యోగం నుంచి రిటైరైంది గాని ఆ గొంతు రిటైరు కాలేదు. చెల్లెలికి పెళ్ళయి, పిల్లలు ఎదిగి, తల నెరుస్తున్నా అక్కకు మాత్రం ఇంకా చిన్నదే. "మా చిన్నది గాలిలో ట్రాఫిక్ పోలీసు" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేది. అది కాదని చెల్లెలు ఒకటి రెండుసార్లు చెప్పబోయి, సందు దొరక్క ఊరుకుంది.

కొంతకాలం కిందట వాళ్ళ కంపెనీకి ఒక ఆస్పత్రి పని వచ్చింది. గుండె జబ్బుల వార్డులో రోగి ఛాతీకి ఎడమ పక్కన అగ్గిపెట్టెంత బిళ్ళ ఒకటి అతికిస్తారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అది లెక్కపెట్టి, గోడమీది పెట్టెకు తీగ లేకుండా పంపుతుంది. అక్కడి నుంచి ఆ అంకె నర్సుల బల్ల మీది తెరకు చేరుతుంది. అంకె మితిమీరితే గంట మోగుతుంది. రోగిని తీగలతో మంచానికి కట్టేయక్కర్లేదు, లేచి తిరగొచ్చు, వరండాలోకి పోయి గాలి పీల్చుకోవచ్చు. వార్డు నిండా బిళ్ళలే, వినే పెట్టె ఒక్కటే. ఆ బిళ్ళలకు వంతులు వేసే పని వంతులమ్మకు పడింది.

దారులు రెండున్నాయి. ప్రతి బిళ్ళకూ గడియారం చూసి దాని క్షణం దానికి కేటాయించడం ఒకటి. ఇది పద్ధతైనదే గాని, రోగి వార్డు దాటి వరండాకు వెళ్ళినప్పుడల్లా, కొత్త మనిషి చేరినప్పుడల్లా వంతులన్నీ మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాలి. రెండో దారిలో ఆ తంటా లేదు. బిళ్ళ ముందు చెవి ఒగ్గి వింటుంది. గాలి నిశ్శబ్దంగా ఉంటే మాట్లాడుతుంది. ఇంకో బిళ్ళతో ఢీకొంటే కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. మళ్ళీ ఢీకొంటే అంతకు రెట్టింపు ఆగుతుంది. వంతులమ్మ ఈ రెండోదే ఎంచుకుంది. అందులోని మర్యాద ఆవిడకు నచ్చింది. మాట కుదరనివాడు తగ్గాలి, అప్పటికీ కుదరకపోతే ఇంకా తగ్గాలి. తను పెరిగిన ఇంట్లో నేర్చుకున్న నీతి అదే మరి. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత కూడా ఆ ఇంట్లోనే విని ఉంటుంది గాని, అది ఆ సమయానికి గుర్తు రాలేదు.

పరీక్షలు బ్రహ్మాండంగా చేశారు. పొడుగాటి బల్ల మీద బిళ్ళలన్నీ వరసగా పేర్చి గంటల తరబడి మాట్లాడించారు. తర్వాత ఆఫీసులో వాళ్ళందరూ తలా ఒకటి ఛాతీకి అతికించుకుని నడవాల్లో తిరిగారు, మెట్లెక్కారు, దిగారు, టీలు తాగారు. ఏ అంకె చేరడానికీ రెప్పపాటు కన్నా ఎక్కువ పట్టలేదు. తెర మధ్యమధ్యలో ఖాళీ అయితే తమకు గుండె దడ వస్తోందని నర్సులు గోల పెడితే, కొత్త అంకె వచ్చేదాకా పాత అంకె నిలిచి ఉండేట్టు చేశారు. దానికీ వంతులమ్మే సరే అంది. రెప్పపాటే కదా. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇన్ని పరీక్షలు, అన్నీ చేశారు గాని ఒక్కరూ పడుకోలేదు. పడుకునే మనుషుల కోసం చేసిన వస్తువది. ఆఫీసులో పడుకోవడం ఎవరికి తోస్తుంది, పడుకుంటే జీతం ఎవరిస్తారు?

బిళ్ళలు ఆస్పత్రికి చేరిన కొత్తలోనే అక్క గుండె లయ తప్పింది. ఉన్నట్టుండి పరుగు, ఉన్నట్టుండి నడక. మందులు కుదిరేదాకా వార్డులో ఉంచి కనిపెట్టి చూడాలన్నారు డాక్టర్లు. గోడవార మంచం ఇచ్చారు. నర్సు వచ్చి బిళ్ళ అతికిస్తుంటే అక్క వార్డంతా వినపడేలా, "జాగ్రత్తమ్మా, అది మా చిన్నది చేసింది" అంది. సాయంత్రానికల్లా ఆ సంగతి తెలియని రోగి లేదు. చెల్లెలు చూడటానికి వస్తే ముక్కూమొహం తెలియనివాళ్ళు తల ఊపి పలకరించారు. వంతులమ్మకు సిగ్గేసింది, లోలోపల సంతోషమూ వేసింది. సంతోషమే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం చూడటానికి వచ్చేసరికి అక్క నిద్రలో ఉంది. ఎడమ పక్కకు తిరిగి, గోడకేసి మొహం పెట్టి ముడుచుకుని పడుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అక్క నిద్ర అంతే. లేపడం ఎందుకని వంతులమ్మ నర్సుల బల్ల దగ్గర నిలబడి తెర చూసింది. తన బిడ్డను బళ్ళో చూసుకునే తల్లిలా చూసింది. అందరి అంకెలూ కాస్త పైకీ కిందికీ ఆడుతున్నాయి. అక్కది మాత్రం డెబ్బై నాలుగు.

"మీ అక్కగారే నయమండీ," అంది బల్ల దగ్గరి నర్సు. "పొద్దున్నుంచీ ఆవిడ అంకె కదిలితే ఒట్టు."

బతికున్న గుండె అంకె కదలకుండా ఉండదు. వంతులమ్మ గబగబా మంచం దగ్గరికి పోయి అక్క మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టుకుంటున్న తీరుకూ డెబ్బై నాలుగుకూ పొంతనే లేదు. తడబడుతూ, దడదడా పరుగెడుతోంది. "అక్కా, లే" అని భుజం పట్టి ఇటు తిప్పింది. తిప్పీ తిప్పగానే వెనకాల తెర దగ్గర గంట మోగింది. నర్సు పరుగెత్తుకొచ్చింది, డాక్టరు వచ్చాడు, సూది మందు ఇచ్చారు. సరిగ్గా సమయానికి గంట మోగిందని అందరూ బిళ్ళను మెచ్చుకున్నారు. అది ఎంతసేపటి నుంచి మోగాల్సిందో వంతులమ్మ ఒక్కతికే తెలుసు.

ఏం జరిగిందో ఆవిడకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మనిషి ఒళ్ళు సగానికి పైగా నీళ్ళే, రేడియోకు తడి గోడలాంటిది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే బిళ్ళ ఒంటికీ పరుపుకూ మధ్య నలిగి, దాని గొంతు పీలగా అయిపోతుంది. మిగతా బిళ్ళలకు అది వినపడదు, వాటి మాటలు దానికి వినపడవు, కనుక అది మాట్లాడుతుండగానే అవీ మాట్లాడేస్తాయి. పెట్టెకు గట్టి గొంతులే చేరతాయి. మాట అందలేదని తెలుసుకున్న బిళ్ళ, వంతులమ్మ నేర్పిన మర్యాద ప్రకారం, ఆగుతుంది. మళ్ళీ ఓడి రెట్టింపు ఆగుతుంది. ఓడేకొద్దీ నోరు మూసుకుంటుంది. తెర మీద పాత అంకె నవ్వుతూ కూర్చుంటుంది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళి అంతా చెప్పింది. ఆయనను ఆఫీసులో రేపుసారు అంటారు. ఏది అడిగినా రేపు చూద్దాం అంటాడు గనక. ఆ రోజు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుని విన్నాడు.

"మేడమ్, ఒక్క మాట చెప్పండి. ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఇంకా కాలేదండీ."

"కాలేదు కదా. మరి కానిదానికి మనంతట మనమే వెళ్ళి తప్పు చేశామని ఎందుకు చెప్పుకోవడం? ఇంకా రెండు ఆస్పత్రులు మన మొహం చూసి కూర్చున్నాయి. మీ కింద పనిచేసే వాళ్ళందరి ఉద్యోగాలూ దీని మీదే ఉన్నాయి. మీరు సరిచేయండి. నేను కాదన్నానా? సరిచేశాక గుట్టుగా మార్చేద్దాం."

"అందాకా సార్?"

"అందాకా మీరు తొందరగా చేయండి."

వంతులమ్మ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందంటే, భయం కొంత, పరువు చాలా. ఇన్నేళ్ళలో తన నియమం తప్పని ఎవరూ అనలేదు. ఆ మాట తన నోటితోనే అనడానికి నాలుక ఆడలేదు. పని తొందరగా ముగిస్తే ఆ అవసరమే రాదని తనకు తాను నచ్చజెప్పుకుంది. తేలు కుట్టిన దొంగ కూడా అలాగే అనుకుంటాడు, మంట కాసేపట్లో తగ్గుతుందని.

అక్కకు మాత్రం చెప్పకుండా ఉండలేకపోయింది. "ఎడమ పక్కకు తిరిగి పడుకోకక్కా, వెల్లకిలా పడుకో" అంది.

"ఎందుకే?"

"ఊరికే."

"ఊరికేనట. నీ మొహం నాకు తెలీదూ? ఏం తగలేశావు?"

కడుపులో చేయి పెట్టి దేవినట్టు అడిగితే వంతులమ్మ మొత్తం కక్కేసింది. చేతిలో ఉన్న పని, మేనేజరు మాట, తన తప్పు, అన్నీ చెప్పింది. అక్క జీవితంలో మొదటిసారి ఒకరి మాటకు అడ్డు రాకుండా విని, చివరికి, "సరే, పో. పని చూసుకో. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను" అంది.

ఆ తర్వాత వంతులమ్మకు ఆఫీసే లోకమైంది. పాత నియమం తీసేసింది. గొంతు ఎంత పీలగా ఉన్నా ప్రతి బిళ్ళకూ తనదైన వంతు ఒకటి ఉండాలి, ఎంతసేపటి నుంచి మాట అందలేదో దాన్నే పెట్టె ముందు పిలవాలి, ఎవరైనా వార్డు దాటి నడిస్తే ఆ వంతు వెంట రావాలి. చెప్పినంత తేలిక కాదది. ఒకచోట కుదిరిందంటే ఇంకోచోట తెగేది. మీటింగు గదిలో పరుపులు పరిచి జనాన్ని పడుకోబెట్టింది. లెక్కల విభాగం పెద్దాయన పరీక్ష కోసం పడుకుని నిజంగానే నిద్రపోయి గురక పెడితే అందరూ నవ్వారు. ఆవిడకు నవ్వు రాలేదు. వీలు చిక్కినప్పుడల్లా ఫోను చేసి అక్కను అడిగేది, ఎలా ఉన్నావని. "నాకేం, రాయిలా ఉన్నాను. అందరం బాగున్నాం" అనేది అక్క. అందరం అని ఎందుకంటోందో వంతులమ్మ ఆలోచించలేదు. వెళ్ళి చూడాలని ఉండేది, కాని వెళితే నర్సుల మొహాలు చూడాలి. పని ఉందని ఆగిపోయేది. నిజానికి పనీ ఉంది, పిరికితనమూ ఉంది.

వారం గడిచాక, కొత్త నియమం ఒక కొలిక్కి వస్తోందనగా, ఉండబట్టలేక సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళింది.

వార్డు తలుపు తోసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో వెంటనే తెలియలేదు. ఎవరూ కదలడం లేదు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, అన్ని మంచాల మీదా మనుషులు వెల్లకిలా, చేతులు పక్కన చాపుకుని, కప్పుకేసి చూస్తూ పడుకుని ఉన్నారు. కిటికీ దగ్గర వీపు వంగిపోయిన ఒక ముసలావిడ ఉంది. వెల్లకిలా పడుకోవడం ఆ వీపుకు చేతకాదు. మెడ కింద రెండు దిండ్లు పెట్టుకుని, పళ్ళు బిగించి, కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారుతుంటే అలాగే పడుకుంది.

"ఏమైందమ్మా, అందరూ ఇలా పడుకున్నారేం?" అని వంతులమ్మ తలుపు పక్క మంచం మీద, మునుపు తల ఊపి పలకరించిన టీచరమ్మను అడిగింది.

టీచరమ్మ తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పింది. "నువ్వా అమ్మా. మీ అక్కగారు చెప్పారు. పక్కకు తిరిగితే బిళ్ళకు వంతు రాదటగా. నిద్రలో ఎటు ఒరుగుతామో తెలియదని వెల్లకిలానే పడుకోమన్నారు. నువ్వు బాగుచేస్తున్నావట, అందాకా కాస్త ఓపిక పట్టమన్నారు. నర్సులకు చెబితే నీ ఉద్యోగానికి మాట వస్తుందని మేమూ ఎవరికీ చెప్పలేదులే."

గోడవార నుంచి అక్క గొంతు వినపడింది. మునుపటంత గట్టిగా లేదు. "ఆ మూడో మంచం, సర్దుకో సర్దుకో, పక్కకు ఒరుగుతున్నావు. కొద్ది రోజులేగా. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ కిటికీ సీటే కావాలంటే బస్సు కదులుతుందా?" మూడో మంచం ఆవిడ మూలుగుతూ సర్దుకుంది.

ఎవరు ఎంతసేపు ఆగాలో లెక్కలు కట్టి బతికిన మనిషి వంతులమ్మ. బిళ్ళలు ఆగడం తెలుసు ఆవిడకు. తన కోసం ఒక వార్డు వార్డంతా, నొప్పులు మింగి, జబ్బుగుండెలతో ఆగడం ఆవిడ ఏ లెక్కలోనూ లేదు. ఒళ్ళంతా మంటగా అనిపించింది. అక్క దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా హెడ్ నర్సు గదికి వెళ్ళింది.

హెడ్ నర్సు పొడుగ్గా, చురుగ్గా ఉండే మనిషి. వంతులమ్మ నిలబడే చెప్పింది. తెర మీద అంకె నిలిచిపోయినా అది నిజం అంకె కాకపోవచ్చని, తప్పు ఆస్పత్రిది కాదని, బిళ్ళ తయారీదీ కాదని, తను రాసిన నియమానిదని చెప్పింది. మందలింపు కోసం కాచుకుంది. హెడ్ నర్సు మందలించలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అని మాత్రం అడిగింది.

"వారమైందండీ."

"వారం." హెడ్ నర్సు లేచింది. "ఈ వారం నేను నా నర్సులను మంచాల దగ్గరికి పోనివ్వలేదు. తెర చూస్తే చాలు, ఊరికే తిరిగి కాళ్ళు నొప్పి పుట్టించుకోకండి అన్నాను. మిమ్మల్ని నమ్మి అన్నాను." అని బయటికి నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదని వంతులమ్మకు అనిపించింది.

కాసేపట్లో వార్డంతా హడావుడి అయింది. మూలన పడేసిన పాత తీగల యంత్రాలు దొర్లించుకొచ్చారు. నర్సులు మంచం మంచానికీ వెళ్ళి చేయి పట్టుకుని నాడి చూస్తున్నారు, బిళ్ళలు ఊడదీసి పళ్ళెంలో వేస్తున్నారు. కిటికీ దగ్గరి ముసలావిడను ఇద్దరు పట్టుకుని పక్కకు తిప్పితే, ఆవిడ పెద్దగా నిట్టూర్చి వెంటనే కళ్ళు మూసుకుంది. వంతులమ్మ ఫోను మోగుతూనే ఉంది. మేనేజరు. కబురు అప్పుడే చేరిపోయింది. ఆవిడ ఎత్తి, "అవును సార్, నేనే చెప్పాను" అని పెట్టేసింది.

అక్క మొహం కందగడ్డలా ఉంది. "చెప్పేశావా?" అంది.

"చెప్పేశానక్కా."

"తొందరపడ్డావే. అందరినీ కుదురుగా పడుకోబెట్టాను కదా. ఇంకో వారమైనా లాక్కొచ్చేదాన్ని." పళ్ళెంలోని బిళ్ళల కేసి చూసింది అక్క. "మా చిన్నది చేసిందని అందరికీ చెప్పుకున్నానే."

హెడ్ నర్సు వచ్చి అక్క ఛాతీ మీది బిళ్ళ తీసేసింది. "కాస్త పక్కకు తిరగండమ్మా, దుప్పటి మారుస్తాం" అంది.

"వద్దులే సిస్టర్, ఇలాగే బాగుంది."

"బాగుండేదేమిటి, తిరగండి."

"వద్దన్నానా" అని అక్క మంచం అంచు పట్టుకుంది. హెడ్ నర్సు మొహం మారింది. భుజం కింద ఒక చేయి, నడుం కింద ఒక చేయి వేసి మెల్లగా గోడ వైపు తిప్పింది. ఆస్పత్రి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. తడి చేసి ఊడదీయాల్సి వచ్చింది. నడుం కింద, ఎముక దగ్గర, అరచేయంత మేర చర్మం లేచిపోయి పచ్చిగా, ఎర్రగా ఉంది. అక్కకు చక్కెర జబ్బు. అలాంటి పుండు మానడం ఎంత కష్టమో ఆ గదిలో అందరికీ తెలుసు.

"అయ్యో, ఎంత బాధ పడ్డారో. ఒక్క మాట చెప్పొద్దూ?" అంది హెడ్ నర్సు.

"చెబితే మీరు పక్కకు తిప్పుతారు. తిప్పితే అంకె ఆగిపోతుంది. ఆగితే దీన్ని అంటారు." అక్క గోడతో చెబుతున్నట్టు చెప్పింది. వెనక చెల్లెలు నిలబడి ఉందని గుర్తొచ్చి కాబోలు, దుప్పటి కోసం చేయి వెనక్కి చాపి తడుముకుంది. అందలేదు.

"చిన్నదీ, నువ్వు చూడకే. అటు పో."

వంతులమ్మ వెళ్ళలేదు. నర్సు చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని, ఎలా తుడవాలో చెప్పమని అడిగింది.